రోగార్తులకై పరులు చేయు ప్రార్థన

బంధుమిత్రులలో నొకరికి రోగము సంప్రాప్తమైనపుడు "మీ కొఱకు భగవంతుని ప్రార్థించుచున్నాము" అనుట సకల మతములవారిలోను మర్యాదగా నున్నది. ఈ మాట రోగి మనస్సునకు ఊఱట కలిగించుననుటలో వివాదము లేదు. అంతకంటె నధిక ఫల మేమైన గలదా? ప్రార్థనకు పాత్రమైన దేహము తక్కిన దేహములకంటె శీఘ్రముగ స్వస్థత నొందునా? ఈ ప్రశ్నను అంకెలతో పరీక్షింపబూనిన రచనలలో రెండింటిని మే మిచట విమర్శింపదలచితిమి. ఒకటి ఫ్రాన్సిస్ గాల్టన్ 1872లో ఫోర్ట్‌నైట్లీ రివ్యూ పత్రికలో ప్రకటించిన వ్యాసము. రెండవది హెర్బర్ట్ బెన్సన్ అను వైద్యుడును ఆయన సహకారులును 2006లో అమెరికన్ హార్ట్ జర్నలునందు ప్రకటించిన పరిశోధనము.

గాల్టన్ వ్యాసము పుట్టిన సమయము గమనింపదగినది. 1871 డిసెంబరులో వేల్సు యువరాజు సన్నిపాతజ్వరముతో మరణావస్థలో నుండగా ఇంగ్లండు దేశమంతట దేవాలయములలో ప్రార్థనలు జరిగెను. డిసెంబరు 14వ తేదీ మొదలు ఆయనకు గుణము కనబడెను. 1872 ఫిబ్రవరి 27వ తేదీన లండను సెయింట్ పాల్ దేవాలయమున మహావైభవముతో కృతజ్ఞతోత్సవము చేసిరి. అయితే ఆ యువరాజు తండ్రి 1861లో అదే డిసెంబరు 14వ తేదీన మరణించెను. నాటి వైద్యులు దానినిగూడ సన్నిపాతజ్వరమే యనిరి. యువరాజుతో నొకే గృహమున విడిసి ఆ జ్వరమునే తెచ్చుకొన్న చెస్టర్‌ఫీల్డు ప్రభువును, యువరాజుయొక్క అశ్వసేవకుడును బ్రదుకలేదు. ఉత్సవము చేసినవారి గణనలో వీరు చేరినట్లు లేదు.

గాల్టన్ తర్కము సులభమైనది. రాజుల దీర్ఘాయువునకై ప్రతి దేవాలయములోను ప్రార్థనలు జరుగును గదా, వారు అందఱికంటె నెక్కువకాలము జీవించుచున్నారా యని యడిగి, ముప్పది యేండ్లు దాటి జీవించినవారి ఆయుర్దాయమును తెలుపు పట్టిక నొకదానిని చూపెను. అందు రాజకుటుంబములవారు 97 మంది; వారి సగటు వయస్సు 64.04 ఏండ్లు. సామాన్య గ్రామాధిపతులగు పెద్దమనుష్యుల సగటు 70.22 ఏండ్లు. ఈ వాదము చమత్కారముగా నున్నది కాని బలవంతమైనది కాదు. రాజులు అమితభోజనముచేతను, చింతలచేతను, దగ్గఱివారిలోనే వివాహములు చేసికొనుటచేతను త్వరగా మరణింపవచ్చును. పురోహితుడు ఆజ్ఞానుసారముగ వల్లించు మంగళవాక్యమును ప్రార్థన యనవచ్చునా యనియు సందేహము. మా పాఠశాలలో ప్రతి యుదయము బాలురు వల్లించు ప్రార్థనకు తూకము వేసిన ఫల మేమి వచ్చునో ఉపాధ్యాయు లందఱు నెఱుగుదురు.

బెన్సన్ పరిశోధన మిట్టి లోపమునకు తావీయకుండ నడచినది. హృదయ శస్త్రచికిత్సకు ఆఱు ఆసుపత్రులలో సిద్ధముగ నున్న 1802 మంది రోగులను చీట్లు తీసినట్లు మూడు వర్గములుగ విభజించిరి. మొదటి రెండు వర్గములవారికి తమకై ప్రార్థన జరుగవచ్చును, జరుగకపోవచ్చును అని చెప్పి, ఒక వర్గమునకు చేయించిరి, ఒక వర్గమునకు మానిరి. మూడవ వర్గమువారికి తప్పక చేయింతుమని చెప్పి చేయించిరి. రోగి పేరును, ఇంటిపేరులోని మొదటి యక్షరమును మాత్రమే యెఱిగిన క్రైస్తవసమాజములవారు పదునాలుగు దినములు ప్రార్థించిరి. శస్త్రచికిత్స తరువాత ఉపద్రవములు కలిగినవారు ప్రార్థన జరిగిన మొదటి వర్గములో నూటికి 52, జరుగని వర్గములో 51. ప్రార్థన జరుగుచున్నదని రూఢిగా తెలిసిన మూడవ వర్గములో 59!

ఈ పరిశోధన మేమి నిరూపించినది? ముక్కుమొగ మెఱుగని వారు కాగితముపై నున్న పేరునకు చేసిన ప్రార్థన ఫలింపలేదని నిరూపించినది. తల్లి బిడ్డకై చేసినది ఫలింపదని నిరూపింపలేదు. ఏలయన రోగుల ఇండ్లవారిని ప్రార్థన మానుడని ఎవ్వరును కోరలేదు, కావున మూడు వర్గములలోను ఇంటివారి ప్రార్థనలు ఉండియే యుండును. ఈ ఆక్షేపణ న్యాయమైనది. కాని దీనిని చెప్పు భక్తులలో కొందఱు 1988లో ప్రకటింపబడిన, శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో 393 మంది హృద్రోగులపై ఇట్టి పరులచేతనే చేయించిన పరీక్షలో, లెక్కించిన పెక్కు విషయములలో కొన్నిట మాత్రము ప్రార్థన పక్షమున మేలు కనబడగా, దానిని ఊరూర చాటినవారే. అనుకూలముగా వచ్చిన తులాభారమును అంగీకరించి, ప్రతికూలముగా వచ్చినపుడు త్రాసు సరికాదనుట ధర్మము కాదు.

ఆ 59 అను సంఖ్య యాదృచ్ఛికమే కావచ్చునని పరిశోధకులు చెప్పిరి. మేము దానివద్ద చాలసేపు నిలిచిపోతిమి. మూడేండ్ల క్రిందట మా తండ్రిగారికి ఇట్టి శస్త్రచికిత్సయే జరిగినది. ముందటి దినమున బంధువులు ఫోనుమీద ఫోను చేసి, ఒకరు మృత్యుంజయజపము చేయించుచున్నామనియు, ఒకరు తిరుపతికి ముడుపు కట్టితిమనియు స్వయముగ ఆయనకే చెప్పిరి. రాత్రి ఆయన మా చెల్లెలిని పిలిచి, "అమ్మాయీ, ఇంతమంది జపములు చేయించుచున్నారే, డాక్టరుగారు నాకు చెప్పనిది మీకేమైన చెప్పినారా?" అని యడిగెను. ఆమె లేదనెను, ఆయన నమ్మలేదు, తెల్లవాఱులు నిద్రించనులేదు. ప్రార్థన చేయుచున్నామని తెలుపుటచేత రోగి తన స్థితి విషమించినదని భయపడి యుండవచ్చునని ఆ పరిశోధకులలో నొకరును ఊహించినట్లు తరువాత చదివి ఆశ్చర్యపడితిమి.

మన ప్రాచీనులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. చరకుడు చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడు విధములుగ చెప్పెను. మంత్ర హోమాదులు మొదటిదానిలో చేరును. కాని చికిత్సకు నాలుగు పాదములు చెప్పవలసినచోట ఆయన వైద్యుని, ఔషధమును, పరిచారకుని, రోగిని పేర్కొనెనే గాని జపము చేయువానిని పేర్కొనలేదు. జపమునకు సొమ్ము పంపి, రాత్రి ఆసుపత్రిలో కూర్చుండుటకు మాత్రము తీరిక లేదనువారు ఈ లెక్కను చూడవలెను. మా బంధువులలో నట్టివారు లేకపోలేదు.

మా వీథిలో నొక యిల్లాలికి జ్వరముతో బిడ్డ పోయినది. మొక్కు ఆలస్యముగ తీర్చుటచేతనే యని అత్తవారు నేటికిని ఆమెను దెప్పుచున్నారు. ప్రార్థనకు ఫలము తప్పక యుండునని బోధించువారు, ఫలింపనపుడు ఆ యపరాధము ఎవరి నెత్తిపై పడునో ఆలోచించినట్లు కనబడదు. పరుల ప్రార్థనను గూర్చి మాకు గల ముఖ్యమైన యాక్షేపణ యిదియే. గాల్టన్ పట్టికకంటెను, బెన్సన్ సంఖ్యలకంటెను ఈ యిల్లాలి మొగము మాకు బలవత్తరమైన ప్రమాణముగ నున్నది.

మా తండ్రిగారు కోలుకొనిరి. జపముచేతనే యని బంధువు లందఱును నిశ్చయించిరి. ప్రక్క మంచముమీది వృద్ధునికిగూడ ఆయన కుమారులు అభిషేకములు చేయించిరి. ఆయన తిరిగి రాలేదు. మా తల్లిగారు మాత్రము ఆ పదునొకండు దినములును మంచముప్రక్కనే కూర్చుండి మందుల వేళలు చూచుచు, పెదవులు కదలుచుండగా ఏదియో జపించుకొనుచుండెడివారు. అది ఏ మంత్రమో మేమడుగలేదు. మా తండ్రిగారితో ఆమె చెప్పనులేదు.