లెక్క టైరు దగ్గర మొదలుపెట్టాలి

టెక్సాస్‌లో పాత షెవ్రొలే పికప్‌లు కొని, వాటిలో టర్బో బిగించిన 6.0 లీటర్ల వీ8 కూర్చోబెట్టే మన కుర్రాళ్లు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఎనిమిది వందల హార్స్‌పవర్ వస్తుంది. ఏ ట్రాన్స్‌ఫర్ కేస్ ఆగుతుంది?"

"టైర్లు ఏవి తమ్ముడూ?" అని నేను ఎదురడుగుతాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నాననుకుంటారు. నిజానికి లెక్క మొదలయ్యేది అక్కడే.

గేర్‌బాక్స్ వెనక కూర్చుని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ బలాన్ని పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేస్. దానిమీద పడేది హార్స్‌పవర్ కాదు, మెలితిప్పే బలం, టార్క్. ఇంజిన్ 800 న్యూటన్ మీటర్లు ఇస్తే, 4ఎల్80ఈ గేర్‌బాక్స్ మొదటి గేరు దాన్ని 2.48 రెట్లు చేస్తుంది. బండి కదలబోయే క్షణంలో టార్క్ కన్వర్టర్ ఇంకో రెండు రెట్ల దాకా పెంచుతుంది. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ గుమ్మంలోకే దాదాపు 4,000 వస్తోంది. లో రేంజ్ వేస్తే అది మళ్లీ రెట్టింపు.

ఇప్పుడు అటు చివరనుంచి చూద్దాం. 2,700 కిలోల బండి, 37 అంగుళాల టైర్లు, 4.10 ఇరుసు గేర్లు. ఎండిన నేలమీద మంచి పట్టు ఉన్నా, డ్రైవ్ షాఫ్టులు రెండూ కలిసి 2,300 న్యూటన్ మీటర్లు దాటేసరికి టైర్లు జారిపోతాయి. జారిన టైరు అంతకు మించి బలం అడగదు. అందుకే గట్టినేలమీద మెల్లగా తిరిగే బండిలో, ఇంజిన్ ఎంత పెద్దదైనా, ట్రాన్స్‌ఫర్ కేస్ మోసే బరువుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు గీసేది టైరే.

మరి ఎందుకు పగులుతున్నాయి? బురదలో గిర్రున తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా గట్టినేల అందుకున్నప్పుడు. 37 అంగుళాల టైరులో దాచుకున్న వేగమంతా ఆ క్షణంలో వెనక్కి, గేర్లమీదకి వస్తుంది. ఈ దెబ్బ ఏ లెక్కలోనూ ఇమడదు. బలమైన పెట్టె కావాల్సింది దీనికోసమే. స్లెడ్ లాగే పోటీలదీ ఇలాంటి కథే: ముందు బరువులు వేలాడదీసి, వెనక స్లెడ్ కిందికి నొక్కుతుంటే, టైరు పట్టు పెరిగి హద్దే పైకి జరుగుతుంది.

1985 నాటి అరటన్ను షెవ్రొలేలో వచ్చే ట్రాన్స్‌ఫర్ కేస్ ఎన్‌పీ208. అల్యూమినియం పెట్టె, ముందు ఇరుసుకు చైను, లో రేంజ్ 2.61. తేలికైనది, చప్పుడు తక్కువ. టూ వీల్ హైలో బలం సూటిగా వెనక్కి వెళ్లిపోతుంది కాబట్టి హైవేమీద ఆ చైనుకు పనే లేదు. ఫోర్ వీల్‌లో బురద దెబ్బ తగిలినప్పుడే దాని అసలు పరీక్ష.

నా మనసు ఎన్‌పీ205 మీద. ఒంటిముక్క బీడు పెట్టె, లోపల అన్నీ గేర్లే, చైను లేదు. బరువు పడితే గేర్లు షాఫ్టులను ఒకదాన్నుంచి ఒకటి దూరం నెడతాయి. ఆ నెట్టుడుకు కదలకుండా నిలిచేది మందపాటి బీడే. జనరల్ మోటార్స్ దీన్ని ఒక టన్ను బళ్లలో 1991 దాకా వాడింది. డాడ్జ్ 1989లో కమిన్స్ డీజిల్ తెచ్చినప్పుడు దాని వెనక కూడా ఇదే పెట్టింది. పంపు లేదు, గేర్లు చిమ్మే నూనెతోనే బతుకుతుంది. దాని సాదాతనమంటే నాకు గౌరవం.

లోపమూ చెప్పాలి. లో రేంజ్ 1.96 మాత్రమే. రాళ్లమీద అంగుళం అంగుళం పాకాలనుకునేవాడికి అది చాలదు. అందుకని ఎన్‌పీ203 అనే మరో ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు భాగంలోని 2.01 రేంజ్ పెట్టెను విడదీసి 205కి జతచేస్తారు. దాన్ని డబ్లర్ అంటారు. రెండు లో రేంజ్‌లూ కలిస్తే 3.94. మొదటి గేరులో ఇంజిన్ నుంచి చక్రం దాకా మొత్తం తగ్గింపు 20 నుంచి 40కి చేరుతుంది. కానీ పొడవు పెరిగి డ్రైవ్ షాఫ్టులు కొత్తగా చేయించాల్సి వస్తుంది. డబ్బుంటే కాలిఫోర్నియాలోని అడ్వాన్స్ అడాప్టర్స్ వారి అట్లాస్ ఉంది. అదీ గేర్లదే, పైగా లో రేంజ్ మనమే ఎంచుకోవచ్చు.

205 కొనేవాడు పేరు చూసి మోసపోకూడదు. టీహెచ్350 గేర్‌బాక్స్ వెనక వచ్చినదానికి ఇన్‌పుట్ స్ప్లైన్లు 27, టీహెచ్400 వెనకదానికి 32. పాతవాటిలో ముందు అవుట్‌పుట్‌కు పదే. తర్వాతవాటిలో 30. షెవ్రొలేకు ముందు షాఫ్టు కుడివైపు దిగుతుంది, ఫోర్డ్‌కు ఎడమవైపు. తుక్కు యార్డులో చౌకగా దొరికిందని ఫోర్డ్‌ది తెస్తే షెవ్రొలే ఇరుసుకు అందదు.

మొన్న అడిగిన కుర్రాడికి బురదే ఇష్టం, రాళ్లజోలికి పోడు. 32 స్ప్లైన్ల 205 వెతకమన్నాను. అట్లాస్‌కని దాచుకున్న సొమ్ముతో ముందు అరటన్ను ఇరుసు తీసేసి డానా 60 వేయమన్నాను. 205 నిలబడితే ఆ బురద దెబ్బ తర్వాత వెళ్లి తగిలేది ముందు ఇరుసుకే.