ఆవాసమే కొలమానం: తెలుగు సాహిత్యంలో జీవవైవిధ్య దృష్టి

తెలుగులో పర్యావరణ సాహిత్య విమర్శ ప్రధానంగా రెండు ప్రమాణాలను ఆశ్రయిస్తున్నది. రచనలో ప్రకృతి ఎంత విస్తారంగా వర్ణితమైందన్నది మొదటిది. ప్రాణికోటి పట్ల ఎంత కరుణ వ్యక్తమైందన్నది రెండవది. ఇవి అవసరమైనవే గాని చాలినవి కావు. ఒక తావులోని ప్రాణులు పరస్పరాధారంగా బ్రతికే తీరులోనే జీవవైవిధ్యం నిలుస్తుంది. ఆ తావు చెడితే ఏ ప్రాణినీ ఎవరూ చంపకపోయినా జాతులు తరిగిపోతాయి. కాబట్టి ప్రాణితో పాటు దాని ఆవాసాన్ని కూడా రచన చూసిందా అన్న ప్రశ్న విమర్శకు ముఖ్యమవుతుంది. భిన్న కాలాలకు చెందిన మూడు రచనలను ఈ ప్రశ్నతో పరిశీలించవచ్చు.

శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లో విలిపుత్తూరు వర్ణన సందర్భంగా వచ్చే బాతుల పద్యం సుప్రసిద్ధం. వరిమళ్ళ కాలువల్లో రెక్కల్లో తలలు దూర్చి నిద్రిస్తున్న బాతులను చూసి, వేకువ స్నానానికి వచ్చిన విప్రులు పిండి మరచిపోయిన వస్త్రాలనుకొని తలారులు కాలువలోకి దిగుతారు. బాతులు లేచిపోతాయి, పైరుకాపు స్త్రీలు నవ్వుతారు. ఈ పద్యాన్ని భ్రాంతి చమత్కారానికీ, స్వభావోక్తికీ ఉదాహరణగా చెప్పడం పరిపాటి. అయితే ఆ కాలువ మనిషి తవ్వినది, ఆ పైరు మనిషి వేసినది. మనిషి తన అవసరానికి ఏర్పరచుకొన్న నీటితావు పక్షికి కూడా నివాసమైందన్న పరిశీలన చమత్కారానికి పునాదిగా ఉంది. మానవ ప్రమేయమంతా వినాశకరమేనన్న సాధారణీకరణకు ఈ పద్యం లొంగదు. తలారులు బాతులను బెదరగొట్టినా కాలువ, పైరు, నీరు చెక్కుచెదరలేదు. అవి తిరిగి వాలడానికి చోటు మిగిలే ఉంది.

జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ కరుణకు పర్యాయపదంగా స్థిరపడింది. పూజకు పూలు కోయబోయిన వ్యక్తి వాటి మొర విని వట్టి చేతులతో దేవుని సన్నిధికి చేరడం ఇతివృత్తం. ఘంటసాల గానం వల్ల ఈ ఖండిక సామాన్య శ్రోతల దాకా చేరింది. విమర్శ దీనిలోని ఏడుపునే ఎక్కువగా విన్నది. పూలు తమ బ్రతుకును సమర్థించుకొనే తర్కాన్ని అంతగా పట్టించుకోలేదు. తాము గాలికి పరిమళాన్ని, ఆశ్రయించిన తుమ్మెదలకు తేనెను ఇస్తామని అవి చెప్పుకొంటాయి. తమ విలువ మనిషి పూజలో లేదనీ, గాలితో, తుమ్మెదతో, కన్నతల్లి వంటి తీగతో ఉన్న సంబంధంలో ఉందనీ వాటి వాదం. ఈ అంశం వల్ల ఖండిక కేవల కారుణ్యాన్ని దాటింది. దాని పరిమితి మరొకచోట ఉంది. ఇక్కడ అపరాధం వ్యక్తిది, పరిష్కారం అతని పశ్చాత్తాపం. కోసిన కొమ్మ మళ్ళీ పూస్తుంది. తోటనే తొలగించే శక్తులు ఈ కావ్యలోకంలోకి రావు. వాటిని ఎదుర్కొనడానికి ఒక హృదయం మారడం సరిపోదు.

అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ ఆ శక్తులున్న చోటికి చేరింది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి చేరుతాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. వానకాలంలో విస్తరించి, వేసవిలో కుంచించుకొనే లోతులేని సరస్సు ఇది. ఆ హెచ్చుతగ్గుల వల్లనే చేపలకూ, పక్షులకూ, తీరగ్రామాలకూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు ఆధారాలు దొరికేవి. ఊరి ఉమ్మడి జీవనం, సరస్సు క్షీణత ఒకే కథగా సాగడం నవల ప్రత్యేకత. జ్ఞాపకం ప్రధానమైన కథనంలో గతమంతా సుభిక్షంగా తోచే ప్రమాదం ఉన్న మాట నిజమే. అయినా నష్టాన్ని ఒక ప్రాణికి కాక ఒక తావుకు జరిగినదిగా చెప్పడం వల్ల నవల విమర్శకు కొత్త ప్రమాణాన్ని అందించింది.

కొల్లేటి చరిత్ర ఈ ప్రమాణాన్ని బలపరుస్తుంది. 1970వ దశకం నుండి ప్రభుత్వ ప్రోత్సాహంతో మొదలైన చేపల చెరువులు క్రమేణా సరస్సును ఆక్రమించాయి. గట్లు ప్రవాహాన్ని అడ్డగించాయి. కొర్రమీను, మట్టగిడస, జెల్ల వంటివి తిరిగిన నీటిలో బొచ్చె, శీలావతి పెంపకం ప్రధానమైంది. చేపలు తగ్గలేదు, చేపల వైవిధ్యం తగ్గింది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అభయారణ్య పరిధిలోని చెరువుల గట్లను తొలగించే కార్యక్రమం జరిగింది. కొల్లేటి మీదనే ఆధారపడిన వడ్డి కులస్థుల వంటి సంప్రదాయ మత్స్యకారుల జీవనోపాధి ప్రశ్న కూడా అప్పుడే ముందుకు వచ్చింది. పెద్ద పెట్టుబడితో తవ్విన చెరువునూ, తరతరాల వలవేటనూ ఒకే ఆక్రమణగా లెక్కించే సంరక్షణ న్యాయమైనది కాదు, నిలిచేదీ కాదు.

ఆవాస జ్ఞానం భాషలో కూడా నిక్షిప్తమై ఉంటుంది. నత్తగుల్ల కొంగ అన్న పేరులోనే ఆ పక్షి ఆహారం ఉంది. నత్తలు బ్రతికే తడినేల పోతే కొంగా పోతుంది, ఆ వెనుక పేరూ పోతుంది. సంరక్షణ ప్రణాళికల్లో హద్దులు, విస్తీర్ణాలు నమోదవుతాయి. ఏ నీరు ఏ నెలలో ఎక్కడ నిలిచేదో, దానిలో ఏ చేప తిరిగేదో తీరవాసుల మాటల్లోనూ, ప్రాంతీయ నవలల్లోనూ నిలిచి ఉంటుంది. తెలుగు శాఖలు చేపట్టే మాండలిక పదసేకరణకు ఈ దృష్టి తోడైతే అది సంరక్షణకు కూడా ఆకరం కాగలదు.

రాయల పద్యంలో మనిషి, పక్షి ఒకే నీటిని పంచుకొన్నారు. కరుణశ్రీ ఖండికలో పువ్వు తన లోకం గురించి మనిషికి చెప్పుకొంది. కుటుంబరావు నవలలో ఆ లోకమే కరిగిపోయింది. ఈ మూడింటినీ ‘ప్రకృతి ప్రేమ’ అన్న ఒక్క మాటతో ముగిస్తే, ప్రేమ ఉండగానే కొల్లేరు ఎందుకు కుంచించుకుపోయిందో విమర్శ చెప్పలేదు. ఆవాసాన్ని కొలమానంగా స్వీకరించినప్పుడే ఆ ప్రశ్నకు సాహిత్యం నుండి సమాధానం లభిస్తుంది.