సంఘ చరిత్ర ఏ సంవత్సరముతో మొదలవుతుంది? – ‘వైల్ సోయింగ్ శాండల్స్’ గ్రంథముపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతము

మన సంఘముల శతాబ్ది సంచికలను తెరిచి చూస్తే తరచుగా ఒకే క్రమము కనిపిస్తుంది. మొదట మిషనరీ రాక, తరువాత మొదటి బాప్తిస్మము, పిమ్మట ఆలయ నిర్మాణము, చివరకు సంఘ కాపరుల పట్టిక. బాప్తిస్మమునకు ముందు ఆ కుటుంబములు ఏ పని చేసి బ్రతికాయో, ఏ గురువుల బోధ విన్నాయో, ఏయే ఊళ్ళతో వియ్యమందాయో ఆ పుటలు చెప్పవు. ఈ లోటును గుర్తించుటకు 1899లో వెలువడిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అను ఆంగ్ల గ్రంథమును తిరిగి పరిశీలించుట అవసరము. ఒంగోలు ప్రాంతపు మాదిగల గాథలను, వారిలో తొలి విశ్వాసుల జీవితములను అది వివరిస్తుంది.

2. గ్రంథకర్త్రి

ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమెరికాలోని జర్మన్ బాప్టిస్టు కుటుంబమునకు చెందినవారు. సాంఘిక సువార్త వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్ ఈమె సోదరుడు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై పరిశోధించి డాక్టరేటు పొందిన విదుషీమణి. 1894లో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌను వివాహమాడారు. మాతంగిని గూర్చి ఈమె వ్రాసిన సంగతులను ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో తన కులముల గ్రంథములో ఉదహరించారు. కనుక దీనిని మిషనరీ నివేదికగా మాత్రమే చూడరాదు.

3. మూడు మూలములు

ఈ గ్రంథపు బలము ఒక్క ప్రశ్నలో ఉన్నది: సువార్తను విన్నవారు అంతకు ముందు ఎవరు? ఎర్రగుంట్ల పేరయ్యగారి జీవితమును గైకొంటే జవాబు మూడు విధములుగా లభిస్తుంది.

మొదటిది భావము. కనిగిరి ప్రాంతమునకు చెందిన పేరయ్యగారు బాప్తిస్మమునకు ముందే వీరమ్మ అను స్త్రీ గురువు వద్ద రాజయోగము అభ్యసించారు. దేవుడు ఆత్మయైయున్నాడని, విగ్రహములు వ్యర్థమని తలంచుటకు ఆయన మనస్సు అప్పటికే సిద్ధపడింది. నాసరయ్య వంటి గురువుల శిష్యులు కూడ ఆ సీమలో ఉండేవారు. ‘చీకటిలో ఉన్న ప్రజలు’ అని మనము ఉత్సవ ప్రసంగములలో తేలికగా అనుచున్నవారు నిజమునకు దేవుని వెదకుచున్నవారు.

రెండవది వృత్తి. పేరయ్యగారు తోళ్ళ వర్తకము చేసేవారు. ఆ వర్తకము ఆయనను ఉత్తరమునకు నడిపించింది, ఏలూరులో సి.ఎం.ఎస్. మిషనరీ అలెగ్జాండర్‌గారి ద్వారా క్రీస్తును గూర్చి విన్నారు. 1866లో బాప్తిస్మము పొందారు. అదే సంవత్సరము క్లౌగారు ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది. కాబట్టి ఆ వర్తకుడు నడచిన బాట సంఘ చరిత్రలో మొదటి అధ్యాయము కావలెను.

మూడవది కుటుంబము. ఒక పల్లె నుండి మరొక పల్లెకు సువార్తను మోసినవి బంధుత్వములే. వియ్యంకుల ఇల్లు, మేనమామ ఊరు బోధకుని మజిలీలు.

వృత్తికి, విశ్వాసమునకు ఉన్న ముడి క్లౌగారి మూడు నియమములలో స్పష్టమవుతుంది: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చదువుటకు ఇవి కేవలము మతాచారములు. కాని రైతుల కపిల బానలకు, చెప్పులకు తోలుపని చేయుట, జాతరలో డప్పు కొట్టుట, చచ్చిన పశువును మోయుట మాదిగల వంశపారంపర్య విధులు. కనుక ఆ నియమములు ఊరి కట్టుబాటునే కదిలించాయి, హింస తెచ్చాయి.

4. గ్రంథములోని లోపములు

ఉపశీర్షికలో వాడిన ‘పరయా తెగ’ అను మాట ఆక్షేపణీయము. అది తమిళ దేశపు ఒక కులము పేరు. ఐరోపావారు దానిని అంటరానివారందరికీ అంటగట్టారు. జాంబవంతుని సంతతిమని చెప్పుకొనే ప్రజలకు వారి పేరు వారికుండగా పరాయి పేరు పెట్టుట న్యాయము కాదు.

రెండవది, ఈ గాథలను చెప్పినవారు అప్పటికే క్రైస్తవులు. వారి పూర్వ స్మృతి మారుమనస్సు అనే గాజులోనుండి వడకట్టబడి, ఆంగ్లములోనికి మారి మనకు చేరింది. వారు తెలుగులో పలికిన పలుకు మనకు దక్కలేదు. మూడవది, పాత గురువుల బోధ సువార్తకు మెట్టుగానే కనిపిస్తుంది. దాని స్వంత విలువ తూచబడలేదు.

5. వేదాంతపరమైన విచారణ

మితములేని వంశావళులను పౌలు నిషేధించెను గదా (1 తిమోతి 1:4) అని కొందరు అడుగవచ్చును. వివాదములు పుట్టించే గొప్పల పట్టికలను ఆయన తిరస్కరించారు. మత్తయి మొదటి అధ్యాయము తామారును, రాహాబును, రూతును, ఊరియా భార్యను దాచలేదు. లూకా యొప్పేలోని సీమోను పేరు ప్రక్కన చర్మకారుడనే వృత్తిని వ్రాసెను; పేతురు అక్కడ బస చేసియుండగానే అన్యజనుల తలుపు తెరువబడెను (అపొ. కార్య. 9:43, 10:6).

మన కుటుంబములు మూలమును దాచుటకు కారణము సిగ్గు మాత్రమే కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. కాగితము మీద ఒక మాట, ఇంటిలో ఒక మాట అను స్థితి జ్ఞాపకమును కూడ చెరిపివేస్తుంది.

మూలములు చెరిగిపోతే మన మీది నిందలకు జవాబు కూడ పోతుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, కరవులో గంజి కొరకు వచ్చారని అన్నారు. అయితే సహాయక పనులు జరిగినంత కాలము క్లౌగారు బాప్తిస్మములను నిలిపివేశారు. అంతకు పండ్రెండేండ్ల ముందే పేరయ్యగారు వెదకుచు వచ్చారు. ఈ సంగతి తెలియని సంఘము ‘విదేశీ మతము’ అను మాట ఎదుట మౌనము వహిస్తుంది.

6. ముగింపు

వృద్ధులు ఇంకను మన మధ్య ఉన్నారు. సంఘ కాపరులు సభ్యుల రిజిస్టరులో బాప్తిస్మపు తేదీతో పాటు తాత ముత్తాతల ఊరు, వృత్తి, వారు నేర్చిన తత్త్వముల వివరము వ్రాయించవలెను. వేదాంత విద్యార్థులు తమ పరిశోధనా వ్యాసమునకు స్వగ్రామపు సంఘమునే తీసుకొని, వారు చెప్పునది చెప్పిన తెలుగులోనే నమోదు చేయవలెను. ఎమ్మాగారు పరాయి భాషలో ఆరంభించిన ఆ పని మన భాషలో ఇంకను మిగిలియున్నది.