ఎఫిక్స్ జీతం బాకీ

గ్రాత్సియా దెలెద్దా 1913లో ప్రచురించిన 'గాలికి రెల్లు' నవల గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే మాట విధి. నవల పేరే అందుకు దారితీస్తుంది. మనుషులు రెల్లుదుబ్బులు, విధి గాలి. ముసలి పాలేరు ఎఫిక్స్ నోట ఈ భావం వినబడుతుంది కూడా. ఆ వ్యాఖ్యానం తప్పని నేననను. అయితే నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. ఇంగ్లీషు అనువాదంలో ఈ పుస్తకం చదువుతుంటే నాకు గాలికంటే ముందు అప్పు కనబడింది. అందులో ప్రతి మలుపు దగ్గరా ఒక బాకీ ఉంది. ఆ బాకీలను వరుసగా పేర్చి చూస్తే, రచయిత్రి విధి అని పిలిచినదానికి ఊరూ పేరూ తేదీ కూడా దొరుకుతాయి.

ముందు ఆ చోటు గురించి కొంత చెప్పాలి. సార్డీనియా మధ్యధరా సముద్రంలో సిసిలీ తర్వాత పెద్ద ద్వీపం. వైశాల్యం సుమారు 24,000 చదరపు కిలోమీటర్లు. జనం ఈనాటికీ 16 లక్షల లోపే. గొర్రెలు మాత్రం 30 లక్షల దాకా ఉంటాయి. ఉత్తరాన కోర్సికా ద్వీపం కూతవేటు దూరం, ఇటలీ ప్రధాన భూభాగం మాత్రం రాత్రంతా ఓడలో వెళ్ళవలసినంత దూరం. చుట్టూ సముద్రమే అయినా ద్వీపం నడిమి జనం జాలరులు కారు, గొల్లలు. తీరంలో మలేరియా, పైగా దండెత్తి వచ్చే ఓడలు. ఫినీషియన్లు, కార్తేజి వారు, రోమన్లు, పీసా, జెనోవాల వర్తకులు, అరగాన్ రాజులు, స్పెయిన్, 1720 నుంచి సవోయ్ వంశం, అందరూ సముద్రం మీదుగా వచ్చినవారే. సముద్రం దాటి వచ్చేవాడు దోచుకోవడానికే వస్తాడని అక్కడొక సామెత. దెలెద్దా పుట్టిన నువోరో పట్నం లోపలి కొండసీమలో ఉంది. ఆ సీమను బర్బాజియా అంటారు. లొంగనివారి నేలకు రోమన్లు పెట్టిన తిట్టు అలాగే పేరై నిలిచింది.

నవల జరిగే పల్లెకు ఆవిడ గల్తె అని పేరు పెట్టింది. నువోరోకు తూర్పున, చెద్రీనో ఏటి దగ్గర ఉన్న గల్తెల్లీ దానికి మూలం. పింతోర్ వంశపు దొరసానులు ముగ్గురు, రూత్, ఎస్తేర్, నొయేమి, పెళ్ళిళ్ళు లేకుండా శిథిలమవుతున్న ఇంట్లో ఉంటారు. నాలుగో చెల్లెలు లియా తండ్రి కట్టడి భరించలేక ఏనాడో ఇల్లు వదిలి సముద్రం దాటిపోయింది. తండ్రి దొన్ జామె ఆ రోజుల్లోనే ఊరి చివర చచ్చి పడి కనిపించాడు. ఆస్తంతా కరిగి, ఏటి ఒడ్డున ఒక్క చిన్న తోట మిగిలింది. దాన్ని సాగుచేసే పాలేరు ఎఫిక్స్. లియా చనిపోయాక ఆమె కొడుకు జచింతో ఈ పిన్నమ్మల ఇంటికి వస్తాడు. కస్టమ్స్ ఉద్యోగంలో డబ్బు దగ్గర చెయ్యి తడబడి వచ్చిన కుర్రాడు. ఇక్కడా ఊరుకోడు. వడ్డీ వ్యాపారి కల్లీనా దగ్గర అప్పు తెస్తాడు. ఎస్తేర్ సంతకం తానే పెట్టి ప్రోనోటు ఇస్తాడు. సంగతి బయటపడుతుంది, రూత్ ప్రాణం పోతుంది, తోట దాయాది దొన్ ప్రెదు చేతికి పోతుంది. చివరకు ఆ దొన్ ప్రెదే నొయేమిని పెళ్ళాడతాడు. ఆ పెళ్ళినాడే ఎఫిక్స్ కన్నుమూస్తాడు.

ఈ కథలో గాలి ఎక్కడ వీచిందో చూడండి. ఒక పాత కులీన కుటుంబానికి భూమి తప్ప మరో ఆదాయం లేదు. చేత్తో పనిచేస్తే పరువు పోతుంది. పని చేసేవాడికి ఇవ్వడానికి నగదు లేదు. నగదు ఉన్నది ఊళ్ళో ఒక్క కల్లీనా దగ్గర. ఇలాంటి ఊరికి అప్పు ఇచ్చే సంస్థ ఒక్కటి లేకపోతే ఏమవుతుందో అదే అయింది. ఇది రచయిత్రి ఊహించి అల్లిన పరిస్థితి కాదు. 1820లో సవోయ్ రాజు పొలాలకు గోడలు కట్టుకోవచ్చునని శాసనం చేశాడు. గోడ కట్టే స్తోమత ఉన్నవాళ్ళు ఉమ్మడి బీళ్ళను కూడా కలిపేసుకున్నారు. రాళ్ళు పేర్చిన ఆ గోడలు నేటికీ ద్వీపమంతా కనిపిస్తాయి. రైతుకు విత్తనాలు అప్పిచ్చే ధాన్యపు నిధులు అక్కడ ఒకప్పుడు ఉండేవి. 1767లో వాటిని ఊరూరా చక్కగా ఏర్పాటు చేశారు కూడా. మన వైపు గాదెలో పంచాయతీ గింజలు దాచి నాట్లప్పుడు ఇచ్చే పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో అవి క్షీణించాయి. 1887లో ఇటలీ ఉత్తరాది పరిశ్రమల కోసం దిగుమతి సుంకాలు పెంచింది. దానితో ఫ్రాన్సుతో వ్యాపారం చెడింది. సార్డీనియా పశువులూ, ద్రాక్షసారా అమ్ముడయ్యే సంత అదే. ఆ ఏడే ద్వీపంలోని ముఖ్యమైన బ్యాంకులు కూలిపోయాయి. అప్పటికి దెలెద్దాకు పదహారేళ్ళు.

ఆవిడ డబ్బు లెక్కలు తెలియని మనిషి కాదు. బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. తండ్రి వ్యాపారస్తుడు, కొంతకాలం ఊరి మేయరు. 1892లో ఆయన పోయాక అన్నలు సంసారాన్ని సరిగా నడపలేదు. ఆవిడ మరణానంతరం అచ్చయిన స్వీయకథలాంటి నవల 'కోసిమ'లో, ఇంటి ఆలివ్ నూనె గానుగ దగ్గర కూర్చుని రైతుల లెక్కలు రాసుకునే అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి ఆవిడే. నూనె ఆడించుకోవడానికి వచ్చినవాళ్ళు చెప్పిన కథలే తర్వాత పుస్తకాలయ్యాయి. ఒక చేత్తో కొలత, మరో చేత్తో కథ. 1900లో పెళ్ళాడి రోముకు వెళ్ళింది, భర్త కూడా ఆర్థికశాఖ ఉద్యోగే. 1926వ సంవత్సరపు నోబెల్ బహుమతిని 1927లో అందుకుంది. సాహిత్యంలో ఆ బహుమతి పొందిన స్త్రీలలో రెండో ఆవిడ.

ఇక ఎఫిక్స్ సంగతి. నవలలో అసలు పద్దు అతనిదే. దొరసానులు అతనికి ఏళ్ళ తరబడి జీతం ఇవ్వలేదు. కల్లీనా బాకీకి ప్రోనోటు ఉంది కనుక అందరూ భయపడతారు. ఎఫిక్స్ బాకీకి కాగితం లేదు కనుక ఎవరూ దాన్ని బాకీగా లెక్కించరు, అతనితో సహా. ఎందుకు? లియా పారిపోవడానికి సాయపడిన రాత్రి, తనను తాను కాపాడుకునే పెనుగులాటలో దొన్ జామెను చంపింది అతనే. ఆ రహస్యాన్ని అతను మోస్తూ ఉంటాడు. కాబట్టి అతని మనసులోని పుస్తకంలో తాను ఋణదాత కాదు, ఋణగ్రస్తుడు. రావలసిన జీతాన్ని చేసిన పాపానికి జమ వేసుకుంటూ పోతాడు. చివరికి అదీ చాలక గుడ్డి బిచ్చగాళ్ళను వెంటబెట్టుకుని తిరునాళ్ళ వెంట అడుక్కుంటూ తిరుగుతాడు. ఒక మనిషి శ్రమను ఊరికే వాడుకోవడానికి ఇంతకంటే తేలికైన మార్గం ఏ యజమానికైనా దొరుకుతుందా? దొరసానులు దుర్మార్గులు కారు, వాళ్ళకు ఆ హత్య సంగతి తెలియదు. అయినా ఫలితం ఫలితమే. భక్తి, పశ్చాత్తాపం, స్వామిభక్తి అన్నీ కలిసి ఒక జీతం బాకీని రద్దు చేశాయి. దెలెద్దా దీన్ని తీర్పు చెప్పకుండా చూపించింది. మొదటి పుటల్లోనే అతను ఏటి వరదకు అడ్డంగా కట్ట వేస్తూ కనిపిస్తాడు. తనది కాని నేలకు, కూలి లేని పని. ఈ ఒక్క దృశ్యానికే ఈ నవలను గొప్ప నవల అంటాను.

అయితే లోపాలున్నాయి. కల్లీనా లోపలికి రచయిత్రి ఒక్కసారీ తొంగిచూడలేదు. ఊరందరి రహస్యాలూ తెలిసిన, డబ్బు నడిపే ఆడది, అటువంటి పాత్ర ఏ నవలాకారుడికైనా నిధి. దాన్ని కథ నడిపే పనిముట్టుగా వాడి వదిలేసింది. రెండోది ముగింపు. తోట కొన్నవాడే ఇంటి ఆడపిల్లను పెళ్ళాడటంతో బాకీ మాయమవుతుంది. కొన్నవాడి ఆస్తీ అమ్మినవారి ఆస్తీ ఒక ఖాతాలో కలిసిపోయాక ఇక అడిగేదెవరు? నొయేమి మనసులో జచింతో మీద ఉన్న చెప్పుకోరాని ఇష్టాన్ని ఎంత సున్నితంగా చిత్రించిందో, ఆ పెళ్ళి బేరాన్ని అంత తొందరగా దాటేసింది. ఇక్కడ మాత్రం విధి అనే మాట రచయిత్రికి సౌకర్యంగా పనికొచ్చిందని నా అనుమానం.

ఆ ద్వీపం ఇప్పుడు గల్తెలా లేదు. ఎఫిక్స్‌ను వణికించిన మలేరియాను 1946 నుంచి 1950 దాకా డి.డి.టి. చల్లి తుడిచిపెట్టారు. జనం భయపడి దూరంగా ఉన్న తీరాన్ని 1962 నుంచి ఆగాఖాన్ బృందం కొని విలాస విడిదిగా మార్చింది. గొల్లల సంగతి మాత్రం అంతగా మారలేదు. రోము పేరు పెట్టుకున్న పెకోరీనో రొమానో జున్నులో అత్యధిక భాగం తయారయ్యేది సార్డీనియాలోనే. ఆ జున్ను ధర పడితే పాల ధర పడుతుంది. 2019 ఫిబ్రవరిలో లీటరు పాలకు 60 సెంట్లు కూడా రాకపోతే గొల్లలు క్యాన్లకు క్యాన్లు రోడ్ల మీద పారబోశారు. వాళ్ళు అడిగింది ఒక యూరో. తర్వాతి సంవత్సరాల్లో ధర లేచింది, అది వేరే మాట. ఎఫిక్స్ ఆ పని చేయడు. పాపం పద్దు లేని మనుషులే తమ కష్టానికి ధర అడగగలరు.

మన పత్రిక పాఠకులకు నేను ముఖ్యంగా చెప్పదలచింది భాష గురించి. దెలెద్దా ఇంటి భాష సార్డు. అది ఇటాలియన్‌కు మాండలికం కాదు, లాటిన్ నుంచి వేరుగా పుట్టిన భాష. ఆవిడ రాసింది ఇటాలియన్‌లో, అంటే నేర్చుకున్న భాషలో. ఆమె పుస్తకాలు చూసి నువోరో జనం తమ పరువు పైవాళ్ళ ముందు పెట్టిందని కోపగించుకున్నారు. 1959లో ఆమె అస్థికలను రోము నుంచి తెప్పించి నువోరో గుడిలో ఉంచుకున్నదీ ఆ ఊరే. ఆమె నోబెల్ అందుకున్న 1927లోనే అదే ద్వీపంలో పుట్టిన గ్రాంసీ జైలు నుంచి చెల్లెలికి ఉత్తరం రాస్తూ, పిల్లవాణ్ణి సార్డు మాట్లాడనివ్వమని, అది ఒక భాషేనని చెప్పాడు. సార్డుకు ఇటలీ చట్టంలో గుర్తింపు వచ్చింది 1999లో. అదే చట్టం ఆల్గేరో పట్నంలోని కాటలాన్‌నూ గుర్తించింది. 1354లో అక్కడ కాపురం పెట్టినవారి భాష అది. 1738లో ట్యునీషియా దగ్గరి తబార్కా నుంచి వచ్చి కార్లోఫోర్తెలో స్థిరపడిన లిగూరియన్లకు ఆ చట్టంలో చోటు దొరకలేదు. అల్పసంఖ్యాకుల లోపల అల్పసంఖ్యాకులు. మనకు చెప్పాలా!

దెలెద్దా ఇటాలియన్‌లో రాయడాన్ని నేను తప్పుపట్టను. సార్డులో రాసివుంటే ప్రపంచం దాకా వచ్చేది కాదు, నా దాకా అసలే వచ్చేది కాదు. కానీ ఒక నష్టం జరిగింది. గల్తెలో దొరసానీ పాలేరూ వడ్డీ వ్యాపారీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది సార్డులోనే. ప్రసవంలో చనిపోయిన స్త్రీలు రాత్రిళ్ళు ఏట్లో బట్టలు ఉతుకుతారని ఎఫిక్స్ నమ్మేదీ ఆ భాషలోనే, ఆ దయ్యాల పేరును రచయిత్రి సార్డులోనే ఉంచింది. ఆ ఊళ్ళో ఇటాలియన్ కావలసింది కోర్టు నోటీసుకూ, జచింతో ఇచ్చిన ప్రోనోటుకూ. అంటే ఆ ఇంటిని కూల్చిన కాగితం పరాయి భాషలో ఉంది. నవలంతా ఒకే ఇటాలియన్‌లో నడవడంతో నోటి మాటకూ కాగితానికీ మధ్య ఉన్న ఆ అగడ్త పూడిపోయింది. పాఠకుడికి అది కనబడనే కనబడదు.

కోలారు జిల్లా పల్లె శాఖల్లో పనిచేసినన్నాళ్ళూ నేను చూసింది ఆ అగడ్తనే. దరఖాస్తు కన్నడంలో, షరతులు ఇంగ్లీషులో, ఎదురుగా కూర్చున్న రైతు తెలుగులో. "యాడ సంతకం పెట్టల్ల సార్?" అని అడిగేవారు. ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. హామీ సంతకం పెట్టడానికి వచ్చిన చిన్నాన్నలూ, మేనమామలూ అసలే అడిగేవారు కాదు. నాకు వీలైనంతవరకు తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. అలా చేస్తే వరుస కదలదని ఒక శాఖలో పైవాళ్ళు విసుక్కున్నారు కూడా.

అందుకే ఈ నవలను ఎవరైనా మన సరిహద్దు తెలుగులోకి తేవాలనుకుంటే నాదొక సూచన. ఎఫిక్స్‌కూ దొరసానులకూ మన ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగే ఇవ్వండి. యాడ, ఏంటికి, పెట్టల్ల అన్నీ రానివ్వండి, పత్రికల తెలుగులోకి దిద్దవద్దు. కల్లీనా చేతిలోని ప్రోనోటు మాత్రం ఆ మాటల్లో ఉండకూడదు. ఎస్తేర్ దాన్ని చేతిలోకి తీసుకుని చూసినప్పుడు, తన పేరు తప్ప మిగతాదేదీ తన మాటల్లో లేదని తెలుగు పాఠకుడికి తెలియాలి.