మైనం దాచుకున్న వెచ్చదనం

చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసా బోర్లిస్తే చుక్క పడదు. తెల్లగా పేరుకుని ఉంటుంది. కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది, నీడలోకి తెస్తే మళ్ళీ గడ్డకడుతుంది. కరిగేటప్పుడు వేడిని తాగుతుంది, పేరుకునేటప్పుడు తాగినదంతా మెల్లగా వదులుతుంది. మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ఈ సంగతే, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే ‘ఎంబ్రేస్’ అనే చిన్న సంచికి ప్రాణం. ఎంబ్రేస్ అంటే కౌగిలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు క్లాసు పనిగా మొదలుపెట్టి, చదువయ్యాక కూడా వదల్లేకపోయిన పని అది.

పొత్తిళ్ళ గుడ్డను సంచిలా కుడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పూర్తిగా విప్పి పరచవచ్చు. అందులో ఒక జేబు, ఆ జేబులో పెట్టేందుకు మైనంలాంటి పదార్థం నింపి మూసేసిన పొట్లం. ఆ పదార్థం 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే సరిగ్గా ఒంటి వేడి దగ్గర కరుగుతుంది. వేడినీళ్ళతో కరిగించి జేబులో పెడితే మళ్ళీ గట్టిపడడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అంతసేపూ బిడ్డకు ఒకే వెచ్చదనం. చల్లారాక మళ్ళీ కరిగించుకోవడమే. తీగ లేదు, ప్లగ్గు లేదు, కరెంటు పోతుందన్న బెంగా లేదు. నాకు ఇంకా నచ్చింది లోపలి పక్క. అక్కడ ఎక్కడా కుట్టు కనిపించదు. కుట్టు ఉంటే మురికి చేరుతుంది, తడి నిలుస్తుంది. అందుకే నీరు ఇంకని గుడ్డతో, అతుకు లేకుండా చేశారు. తుడిస్తే శుభ్రమైపోతుంది. బిడ్డను ఎత్తుకుని ఆలోచించినవాళ్ళకే తట్టే సంగతి ఇది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒంట్లో చాలినంత కొవ్వు ఉండదు. మనకు హాయిగా ఉన్న గది కూడా ఆ బిడ్డకు వణికించే చలి. ఒళ్ళు చల్లబడితే ఉన్న కాస్త శక్తీ వేడి పుట్టించుకోవడానికే ఖర్చయిపోతుంది, ఎదగడానికి ఏమీ మిగలదు. ఈ భయం మన పెద్దలకు కొత్త కాదు. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టింది ఇందుకే. బల్బు కింద పడుకోబెట్టేవాళ్ళు, వేడినీళ్ళ సీసాలు పక్కన చేర్చేవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. చిక్కల్లా ఆ వేడి ఒక్క తీరుగా ఉండకపోవడమే. ఓసారి చాలదు, ఇంకోసారి చురుక్కుమంటుంది. మైనం అలా కాదు. పేరుకుంటున్నంతసేపూ తన 37ను పట్టుకునే ఉంటుంది.

2007లో ఆ క్లాసులో వాళ్ళకిచ్చిన పని మాత్రం ఇది కాదు. ఆసుపత్రి ఇంక్యుబేటర్ ఖరీదు దాదాపు 20,000 డాలర్లు, దాన్ని నూటికి ఒక వంతు ఖర్చుతో తయారు చేయమన్నారు. జట్టులో జేన్ చెన్ వ్యాపార పాలన, రాహుల్ పణిక్కర్ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, లైనస్ లియాంగ్ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నారు. వాళ్ళతో పాటు నాగానంద్ మూర్తి అనే ఇంకో ఇంజనీరు. లియాంగ్ నేపాల్ వెళ్ళి ఆసుపత్రి చూశాడు. అక్కడ ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు పుడుతున్నది కొండల్లోని పల్లెల్లో, ఆసుపత్రి దాకా ప్రాణంతో చేరితేగా! ఇంక్యుబేటర్‌ను ఎంత చవగ్గా చేసినా ఖాళీ పెట్టెల వరసలో ఇంకో పెట్టె చేరుతుందంతే. తయారు చేయాల్సింది డాక్టరు కోసం కాదు, ఇంట్లో ఉన్న తల్లి కోసం అని జట్టు తేల్చుకుంది. ఇచ్చిన ప్రశ్ననే మార్చి రాశారన్నమాట. పరీక్షల్లో ఇలా రాస్తే మార్కులు పోయే చదువులు మనవి, అందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను.

విద్యార్థి వ్యాపారంలోకి ఎందుకు దిగుతాడంటే సాధారణంగా డబ్బు, పేరు, ఉద్యోగమంటే విముఖత అని చెబుతారు. అవి ఉండవని అనను. కానీ ఈ జట్టును చూస్తే నాకు కనిపించే కారణం వేరు. క్లాసు ముగిసింది, వస్తువు ముగియలేదు. నమూనా చేతిలో ఉంది, అది ఎవరి కోసమో ఆ తల్లులు కళ్ళముందు ఉన్నారు. దాన్ని అరలో పెట్టి ఇంటికెళ్ళడానికి మనసొప్పలేదు. 2008లో ఎంబ్రేస్ సంస్థగా మారింది. అదే క్లాసులో అంతకుముందు కిరోసిన్ దీపం స్థానంలో సౌరదీపం చేసిన జట్టు కూడా 2007లో ‘డీ.లైట్’ అనే కంపెనీ పెట్టుకుంది. పల్లెటూరి గుడిసెను కూడా ప్రయోగశాలగా లెక్కపెట్టే చదువు దొరికితే కంపెనీ పెట్టమని ఎవరూ పోరుపెట్టక్కర్లేదు.

ఎంబ్రేస్ జట్టు కాలిఫోర్నియా వదిలి బెంగళూరు చేరింది. దారి సాఫీగా ఏమీ సాగలేదు. 2009లో టెడ్ ప్రసంగాల వేదిక మీద జేన్ చెన్ 25 డాలర్ల ధర చెప్పారు. తీరా వైద్య పరికరంగా గట్టిపడి బయటికొచ్చేసరికి అంతకంటే బాగా ఎక్కువే అయింది. 2011లో మన దేశంలో వాడకంలోకి వచ్చింది. తల్లి రొమ్ముకు ఆనించి ఒంటి వేడి అందించే కంగారూ పద్ధతికి ఇది పోటీ కాదు. తల్లి ఒడి అందని గంటల్లో తోడు.

ఈ సంచి పనితనంలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది అందులో లేని ఒక అంకె. మొదట్లో పొట్లం ఎంత వేడెక్కిందో చూపడానికి ఉష్ణోగ్రత అంకె పెట్టారు. ఇంజనీరు ఎవరైనా అదే పెడతాడు. మన దేశంలో ఒక పల్లెలో దాన్ని చూపించి, 37 దాకా వేడి చేయాలని ఓ తల్లికి చెప్పారు. ఆమె తాను 30 దగ్గరే ఆపేస్తానంది. ఇంగ్లీషు మందుల ఘాటు ఎక్కువని అక్కడ డాక్టరు రాసిన మోతాదులో సగమే వేస్తారు. ఇదీ అలాంటిదే అనుకుంది, బిడ్డకు ఏమీ కాకూడదని కాస్త తగ్గించబోయింది. ఆ మాటలో అజ్ఞానం లేదు, అమ్మ జాగ్రత్త ఉంది. ‘మందు వేడి చేస్తుంది, సగం చాల్లే’ అనే మాట వినని తెలుగు ఇల్లు ఉంటుందా? కానీ ఆ జాగ్రత్తే బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేది.

ఆమెకు డిగ్రీల పాఠం చెప్పి ఒప్పించాలని చూడలేదు వాళ్ళు. అంకెను తీసేశారు. దాని చోట రెండే గుర్తులు పెట్టారు. సరిపోయింది, సరిపోలేదు. ఇక తగ్గించడానికి అక్కడ ఏమీ లేదు. తల్లి ఆ గుర్తు చూస్తుంది, సరిపోయిందని ఉంటే పొట్లాన్ని జేబులో పెట్టి, బిడ్డను పడుకోబెట్టి, సంచి మూస్తుంది.