పాత వకీలు, కొత్త పక్షం

గురజాడ వారి 'కన్యాశుల్కం'లో హత్యానేరం నెత్తిన పడ్డ లుబ్ధావధాన్లును ఆదుకునే సౌజన్యారావు పంతులు ఒక పక్కన, వ్యాజ్యాలే బతుకుతెరువైన రామప్పంతులు మరొక పక్కన కనిపిస్తారు. కోర్టు మనిషిని తూచటానికి నేటికీ మన దగ్గర ఉన్న తక్కెడ అదే: మంచివాడా, కాడా? ఒక విషయంలో ఈ తక్కెడ చాలదని మా అభిప్రాయం. ఎంత మంచి వకీలైనా తన పాత కక్షిదారుకు ఎదురుగా నిలబడితే కీడు జరగవచ్చు. అక్కడ చూడవలసింది ఆయన గుణం కాదు, ఆయనకు తెలిసిన సంగతులు.

అజ్మాన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుటుంబాలకు ఇది దూరపు గొడవ కాదు. ఊళ్లో కాస్త ఆస్తి ఉంటుంది. నాన్నగారి కాలం నుంచీ ఒక వకీలు గారుంటారు. వీలునామా రాసేది ఆయనే. దుబాయి కాన్సులేటులో మనం సంతకం పెట్టి పంపే పవరాఫ్ అటార్నీ చిత్తు రాసేదీ ఆయనే. మన అప్పులెంతో, ఏ దస్తావేజులో ఏ లొసుగుందో, ఎంతకైతే రాజీకి దిగుతామో ఆయనకు తెలుసు. పదేళ్లకు అన్నదమ్ముల మధ్య భాగపంపిణీ దావా పడి, ఊళ్లో ఉన్న తమ్ముడి తరఫున ఆ వకీలు గారే వకాలతు వేస్తే?

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1975 నియమాలలో 33వది దీనికోసమే ఉంది. ఒక దావాకు గాని, అప్పీలుకు గాని, మరో వ్యవహారానికి గాని సలహా ఇచ్చినా, ప్లీడింగులు రాసినా, ఒక పక్షానికి పనిచేసినా ఎదుటి పక్షానికి పనిచేయరాదని దాని సారాంశం. అదే దావాలో పక్షం మార్చేవారిని ఇది ఆపుతుంది. కాని పైన చెప్పినచోట వీలునామా వేరు, దావా వేరు. "అది వేరే పని" అనే వాదనకు నియమంలో చోటు మిగిలింది. కక్షిదారు నమ్మకాన్ని సొమ్ము చేసుకోవద్దని 24వ నియమం అంటుంది గాని, ఎప్పుడు తప్పుకోవాలో చెప్పదు.

కక్షిదారు చెప్పిన రహస్యం బయటపెట్టరాదని, పని ముగిసినా ఆ బాధ్యత పోదని 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షను అన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 132వ సెక్షను. అయితే బయటపెట్టటం వేరు, వాడుకోవటం వేరు. మనం ఎక్కడ తడబడతామో తెలిసినవారు రహస్యం నోట పలకనక్కరలేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సరైన ప్రశ్న ఒక్కటి వేస్తే చాలు.

ఇంగ్లండులో 1912 నాటి రాకుసెన్ కేసులో అప్పీలు కోర్టు సొలిసిటర్ల పెద్దమనిషితనాన్ని నమ్మింది. పాత కక్షిదారుతో ఒక భాగస్వామి మాట్లాడినా, ఆ సంగతులు ఎరగని రెండో భాగస్వామి ఎదుటి పక్షానికి పనిచేయవచ్చునంది. 1998లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ పట్టు బిగించింది. బ్రూనై యువరాజు జెఫ్రీ వ్యాజ్యాలలో పనిచేసిన అకౌంటెంట్ల సంస్థ కె.పి.ఎం.జి., ఆయన వ్యవహారాలకే తగిలే దర్యాప్తును బ్రూనై ఇన్వెస్ట్‌మెంట్ ఏజెన్సీ తరఫున ఒప్పుకుంది. సమాచారం దాటకుండా లోపల ఏర్పాట్లు చేశామన్నా ప్రభువులు వినలేదు. ప్రమాదం ఉత్త ఊహ కాకపోతే, అది లేదని రుజువు చేసుకునే భారం సంస్థదేనన్నారు. మనలోని ఆడిటర్లు కూడా గమనించవలసిన తీర్పు ఇది. అమెరికాలో 1953లోనే ఒక న్యూయార్కు ఫెడరల్ కోర్టు, రెండు వ్యవహారాలకు గట్టి సంబంధం ఉంటే చాలునని, ఏ రహస్యం చెప్పావని పాత కక్షిదారును అడగకూడదని తేల్చింది. అడిగితే ఆ రహస్యం అక్కడే బయటపడుతుంది గదా!

ఎదుటి వాదనలోనూ బలముంది. చిన్న ఊళ్లో గట్టి వకీళ్లు నలుగురే ఉంటారు. డబ్బున్నవాడు నలుగురికీ తలా ఒక ఫీజు ఇచ్చి, ఎదుటివాడికి వకీలే దొరక్కుండా చేయవచ్చు. అందుకే జన్మాంతం నిషేధం మేము కోరటం లేదు. ఒకప్పుడు మన చెక్కు కేసు చూసినవారు, దానితో పొత్తులేని సరిహద్దు తగాదాలో ఎదుట నిలబడితే తప్పు పట్టలేము. పాత పనిలో తెలిసినది కొత్త పనిలో అక్కరకు వస్తుందా అన్నదే కొలత కావాలి. 33వ నియమానికి ఆ ఒక్క వాక్యం చేర్చాలి.

అది చేరేలోగా మన పని మనం చేసుకోవాలి. పని ఒప్పుకునేటప్పుడే పక్షాలతో తనకున్న సంబంధాన్ని వకీలు దాచకుండా చెప్పాలని 14వ నియమం ఉంది. "మామయ్యగారి లాంటివారు, ఎలా అడుగుతాం?" అని మొహమాటపడటం మన అలవాటు. అడగాలి. పాత వకీలు అవతలి పక్షాన కనిపిస్తే మొదటి వాయిదాలోనే అభ్యంతరం దాఖలు చేయాలి. ఏళ్లు గడిచాక చెబితే కోర్టుకు అది కాలయాపన ఎత్తుగా కనిపిస్తుంది. ఆయనకు ఎప్పుడు, ఏ పని మీద, ఏ కాగితాలిచ్చామో రాసుకుంటే చాలు, అందులోని గుట్టు విప్పనక్కరలేదు. అప్పటికీ వినకపోతే 1961 అడ్వకేట్ల చట్టం 35వ సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. సౌజన్యారావు పంతులు వంటివారికైతే ఆ అవసరం రానివ్వకుండా తామే తప్పుకునే మర్యాద ఉంటుందని మా నమ్మకం.