ఒంటికాలి తోరణం దగ్గర ఆగండి

నాగసాకిలోని సన్నో గుడికి వెళ్లే దారిలో, మెట్ల మీద ఒక రాతి ద్వారం సగమే నిలబడి ఉంటుంది. షింటో గుడి ముందు నిలిపే ఇలాంటి ద్వారాన్ని జపాన్‌లో తోరీ అంటారు. రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా దూలాలు. వరంగల్ కోటలో కాకతీయుల తోరణాలు చూసినవాళ్లకు పోలిక ఇట్టే తడుతుంది. 1945 ఆగస్టు 9న ఉదయం 11 గంటల 2 నిమిషాలకు అణుబాంబు పేలినప్పుడు, ఈ తోరీ ఆ చోటికి సుమారు 800 మీటర్ల దూరంలో ఉంది. పేలుడు వైపున్న స్తంభం కూలిపోయింది. రెండోది పైనున్న సగం దూలాన్ని మోస్తూ నిలిచిపోయింది. కూలిన ముక్కల్ని దగ్గర్లోనే నేల మీద ఉంచారు. విరిగిన స్తంభం స్థానంలో కొత్తది నిలబెట్టలేదు. ఇంకొంచెం ముందుకు వెళితే గుడి వాకిట్లో రెండు పెద్ద కర్పూర వృక్షాలు. ఆ రోజు మాడి మోడులైపోయినవి మళ్లీ చిగిర్చాయి. ఇప్పుడు గుడికి వచ్చేవాళ్లు వాటి నీడలోంచే లోపలికి వెళతారు.

జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో ఉన్న ఈ రేవు పట్టణానికి వచ్చే యాత్రికులు చూసేవి దాదాపు ఒకటే వరస. శాంతి పార్కులో విగ్రహం, కొండ మీద గ్లోవర్ తోట, ఇనాసా కొండ మీంచి రాత్రి దీపాలు, చైనా వీధిలో చాంపోన్ నూడుల్స్, ఇంటికి తీసుకెళ్లడానికి కాస్టెల్లా కేకు. వీటిలో దేన్నీ వద్దనను. నేను చెప్పదలచింది ఒక్కటే: దెబ్బ తిన్న ఊరిని అర్థం చేసుకోవాలంటే, అది తర్వాత కట్టుకున్న స్మారకాల కంటే, ఉన్నచోట ఉన్నట్టుగా వదిలేసిన శిథిలాల దగ్గర ఎక్కువసేపు గడపాలి. శాంతి విగ్రహాన్నే తీసుకోండి. సెయిబో కితామురా చేసిన ఈ కంచు విగ్రహం ఎత్తు 9.7 మీటర్లు. పైకెత్తిన కుడిచెయ్యి అణుబాంబు ముప్పును చూపిస్తుందని, పక్కకు చాచిన ఎడమచెయ్యి శాంతికి గుర్తని చెబుతారు. అంటే ఎవరో చెబితే తప్ప అర్థం కాదు. పైగా దాన్ని ప్రతిష్ఠించిన 1955 నాటికి బాంబు బాధితుల వైద్యానికి ప్రత్యేక చట్టమే లేదు. అది 1957లో వచ్చింది. బతికున్నవాళ్ల ఆకలి తీరకుండా విగ్రహాలు ఎందుకని, స్వయంగా బాధితురాలైన కవయిత్రి సుమాకో ఫుకుదా ఆనాడే కవితలో నిలదీసింది. తోరీకి వ్యాఖ్యానం అక్కర్లేదు. బాంబు ఏం చేసిందో చెప్పడానికి ఆ లేని స్తంభం చాలు.

ఈ మాటకు పెద్ద సాక్ష్యం ఊళ్లోని ఉరకామి ప్రాంతంలో ఉన్న చర్చి. క్రైస్తవం మీద నిషేధం ఉన్న రెండు శతాబ్దాలకు పైగా రహస్యంగా మతాన్ని కాపాడుకున్న కుటుంబాల వారసులు, నిషేధం పోయాక దశాబ్దాలు కష్టపడి కట్టుకున్న ఎర్ర ఇటుకల చర్చి అది. బాంబు దానికి సుమారు 500 మీటర్ల దూరంలో పేలింది. ఆ ప్రాంతంలోని దాదాపు 12,000 మంది కాథలిక్కుల్లో 8,500 మంది పోయారని లెక్క. మొండి గోడలు పదమూడేళ్ల దాకా నిలిచి ఉన్నాయి. వాటిని ఉంచాలని ఊళ్లో గట్టిగా వాదించినవాళ్లూ ఉన్నారు. అయినా 1958లో తీసేశారు, మరుసటి ఏడాదికి అదే చోట కొత్త చర్చి లేచింది. హిరోషిమా మాత్రం తన శిథిల గోపురాన్ని ఉంచుకుంది. 1996లో అది ప్రపంచ వారసత్వ సంపద అయింది. అణుబాంబు అనగానే లోకానికి హిరోషిమా ముందు గుర్తు రావడానికి మొదట అక్కడ పడటం ఒక కారణమైతే, కళ్లెదుట ఆ గోపురం ఉండటం ఇంకో కారణమని నా నమ్మకం.

చర్చి పెద్దల వైపు నుంచి వచ్చే జవాబు బలమైనది. అది వాళ్ల స్థలం. ఒకప్పుడు గ్రామపెద్ద ఇల్లు ఉన్న చోటు. నిషేధ కాలంలో అక్కడే వాళ్ల పూర్వీకుల చేత క్రీస్తు బొమ్మల్ని కాళ్లతో తొక్కించేవారు. అలాంటి నేలను విడిచి ఇంకోచోట ప్రార్థన చేసుకోమని, యాత్రికుల కోసం శిథిలం ఉంచమని ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. కాబట్టి కొత్త చర్చి కట్టడాన్ని నేను తప్పు పట్టను. కానీ అక్కడే ఒక మధ్యేమార్గం కూడా కనిపిస్తుంది. పేలుడుకు వాలు కిందికి దొర్లిపోయిన గంటగోపురం పైభాగం పడినచోటే ఇవాళ్టికీ ఉంది. కొత్త చర్చిలో ప్రార్థన, కింద వాగు దగ్గర పాత గోపురం. 2016లో ఆ గోపురాన్నీ, సన్నో తోరీనీ, మరికొన్ని అణుబాంబు అవశేషాలనూ కలిపి జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

అయితే అన్నిటినీ విరిగినట్టే వదిలేయాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. ఊళ్లో 1634లో కట్టిన కళ్లజోడు వంతెన 1982 వరదల్లో దెబ్బ తింటే, కొట్టుకుపోయిన రాళ్లు వెతికి తెచ్చి మళ్లీ కట్టారు. వంతెన ఉన్నది దాటడానికి. 1641 నుంచి రెండు శతాబ్దాలకు పైగా డచ్చి వర్తకులను ఉంచిన దెజిమా దీవి, చుట్టూ సముద్రం పూడ్చేయడంతో ఊళ్లో కలిసిపోయింది. అక్కడి పాత ఇళ్లను ఇప్పుడు పరిశోధించి తిరిగి కడుతున్నారు. యూరప్ వైద్యం, శాస్త్రం జపాన్‌లోకి వచ్చిన గుమ్మం అది. కట్టి చూపకపోతే ఊహకు అందదు. పోయిన వాడుకను తిరిగి నిలబెట్టడం మంచిదే. మనిషి చేసిన గాయాన్ని చెరిపేయడం దగ్గరే నా అభ్యంతరం.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది: శిథిలాలు జపాన్‌ను బాధిత దేశంగానే చూపించి, అది ఇతరులకు చేసింది మరిపిస్తాయి కదా అని. స్మారకం విషయంలో అది నిజం కావచ్చు. శిథిలం మాత్రం అంత సులభంగా ఒక పక్షం వహించదు. శాంతి విగ్రహం ఉన్న పార్కులోనే జైలు పునాదులు బయటపడి ఉన్నాయి. బాంబు పడినప్పుడు అందులో చనిపోయిన 134 మందిలో చైనీయులు, కొరియన్లు ఉన్నారు. రేవు బయట హషిమా దీవిలో బొగ్గు గని 1974లో మూతపడింది. అక్కడ ఇప్పుడు కూలుతున్న కాంక్రీటు మేడల పక్కనే, యుద్ధకాలంలో కొరియన్లనూ చైనీయులనూ బలవంతంగా తెచ్చి గనిలో దింపారు. అక్కడ ఏం జరిగిందో పూర్తిగా చెప్పడం లేదని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ జపాన్‌ను తప్పు పట్టింది. కాబట్టి శిథిలాన్ని ఉంచితే సరిపోదు, దాని కథ దాచకుండా చెప్పాలి. కానీ రాయే లేకపోతే అలా అడగడానికి చోటే ఉండదు.

హిరోషిమా చూశాం, చాలని వెనుదిరగకండి. ఫుకువోకా నుంచి రైల్లో సుమారు గంటన్నర. నాగసాకిలో ట్రాము ఎక్కి విశ్వవిద్యాలయ ఆసుపత్రి దగ్గర దిగండి, నడిచి గుడి మెట్ల దాకా వెళ్లండి. విగ్రహం ముందు పది నిమిషాలు నిలబడితే, ఒంటికాలి తోరణం కింద అరగంట ఉండండి. నిలబడ్డ స్తంభాన్నీ, పడిపోయిన ముక్కల్నీ రెండింటినీ చూడండి.